ప్రాణశక్తికి లెక్క కట్టిన మహనీయుడు: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విననివారు తెలుగునాట అరుదు. ఆయన చేసిన పని యేమని అడిగినచో చెప్పగలవారు మాత్రము కొందఱే. గర్భిణీ స్త్రీలకు ఆరోగ్యకేంద్రములయందు ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర, బోదకాలు నివారణకై ఊరూర పంచిన డి.ఇ.సి. మాత్ర, రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చు మెథోట్రెక్సేటు అను మందు, ఈ మూడింటి పుట్టుకతోడను ఆయన పరిశోధనకు సంబంధము కలదు. వీనికంటె ముందే, గుండె కొట్టుకొనుటకును చేయి కదలుటకును కావలసిన శక్తి శరీరమున ఏ రూపమున నిలువయుండునో కనుగొన్నవారిలో ఆయన ఒకరు. నేడు గుండెలోను కాలేయములోను సూక్ష్మకణముల నడుమ జరుగు రాకపోకలను శాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారన్నచో, ఆ లెక్కకు మొదటి కొలపాత్రను అందించిన చేతులలో ఒకటి మన గోదావరి మండలపు బిడ్డది.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. ఆ ఇంట పిల్లల చదువే ఆస్తి యని తల్లి నమ్మెను. కుమారునకు మాత్రము చిన్ననాట చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల వయసున ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావలెనని బయలుదేరెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించి, మరల బడిలో కూర్చుండబెట్టెను.

రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి నెగ్గిరి. చదువు నడుచుచుండగనే తండ్రి గతించెను. వెంకమ్మగారు నగలమ్మి కుమారుని చదివించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సుబ్బారావుగారి మనస్సు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరవలెనని కోరిరి. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనమని మఠమువారు చెప్పిరి. తల్లి అనుమతింపలేదు. రోగులకు సేవచేయుటయు సన్న్యాసము వంటిదేయను తలంపుతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ఆ చదువునకు ధనసాహాయ్యము చేసినవారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. 1919వ సంవత్సరమున వారి కుమార్తె శేషగిరిగారితో సుబ్బారావుగారికి వివాహము జరిగెను.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడిగికొని పోయిరి. శస్త్రచికిత్సాచార్యుడైన తెల్లదొర దానికి ఆగ్రహించెను. తత్ఫలితముగా 1921లో ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సర్కారు వైద్యోద్యోగమును దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసున నడుపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు కొలువున చేరిరి.

ఈ నడుమనే ఆ కుటుంబముపై పిడుగు పడెను. స్ప్రూ అను వ్యాధి, అనగా తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, విరేచనములతో మనుష్యుడు ఎండిపోవు జాడ్యము, ఆయన అన్నదమ్ములలో ఇద్దరిని కొద్ది దినముల వ్యవధిలో బలిగొనెను. సుబ్బారావుగారికిని అదే జబ్బు సోకగా లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికి బయటపడిరి. ఏ పదార్థపు కొఱతచేత ఈ వ్యాధి వచ్చుచున్నది, ఏది ఇచ్చినచో పోవును అని ఆనాడు ఏ వైద్యుడును చెప్పలేకపోయెను. ఆ ప్రశ్న ఆయనను విడువలేదు.

విదేశయాత్ర

కాకినాడయందలి మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థవారును, మామగారును ధనసాహాయ్యము చేయగా, సుబ్బారావుగారు ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువుటకై అమెరికాలోని బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. భార్య అప్పటికి గర్భవతి. కొలది సంవత్సరములలో తిరిగివత్తునని ఆమెకు మాట ఇచ్చి ఓడ ఎక్కిరి. పుట్టిన కుమారుడు శైశవముననే గతించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు.

బోస్టనున ఆయనకు వైద్యుడుగా పనిచేయు అర్హత లేకపోయెను. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువునకు కుదిరి, పగలు చదువుకొనిరి. 1924లో పట్టము పొంది, ఆటో ఫోలిన్ అను పండితుడు అధిపతిగానున్న జీవరసాయనశాఖలో చేరిరి. అచ్చట సైరస్ ఫిస్కే అను అధ్యాపకునితో కలిసి చేసిన పనియే ఆయన కీర్తికి మొదటి మెట్టు.

భాస్వరపు లెక్క

భూమి కొలుచుటకు గొలుసు ఎట్టిదో, ధాన్యము కొలుచుటకు కుంచము ఎట్టిదో, శాస్త్రజ్ఞునకు కొలత పద్ధతి అట్టిది. కుంచము తప్పైనచో కొట్టులోని లెక్క అంతయు తప్పే. రక్తమునందును కండలయందును భాస్వరము, అనగా ఫాస్ఫరసు, ఎంతయున్నదో తెలుసుకొనుటకు ఆనాటికి చక్కని సాధనము లేదు. ఫిస్కే, సుబ్బారావుగారలు 1925లో ఒక పద్ధతి ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు మున్నగు కొన్ని రసాయనములు చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత ఎక్కువయో నీలిరంగు అంత గాఢము. ఆ రంగును తెలిసిన రంగుతో పోల్చి లెక్క తేల్చవచ్చును. లోకమునందలి జీవరసాయనశాలలన్నిట ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చెను. నేటికిని దీనిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యనియే పిలుచుచున్నారు.

ఈ కొలతతో కండలను పరీక్షించుచుండగా ఒక వింత కనబడెను. నీలిరంగు ఒక్కసారిగా నిలకడకు రాక, కొంతసేపటివరకు మెల్లమెల్లగా పెరుగుచుండెను. ఇతరులైనచో పరీక్షలోని దోషమని త్రోసిపుచ్చియుందురు. వీరు అట్లు చేయలేదు. కండలో భాస్వరమును ఇముడ్చుకొన్న పదార్థమేదియో క్షణక్షణము విరిగి, భాస్వరమును విడుచుచున్నదని గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో దానిని లోకమునకు తెలిపిరి. 1929లో మరియొక పదార్థమును కండనుండి వేరుచేసిరి. దానిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, సంక్షిప్తముగా ఎ.టి.పి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను పండితుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను.

మనము తిను అన్నము నేరుగా కండను కదల్పజాలదు. ధాన్యము పండించిన రైతు దానిని అమ్మి రొక్కము చేసికొని, ఆ రొక్కముతో శిస్తు కట్టును, బట్ట కొనును. అట్లే శరీరము అన్నమును ప్రాణవాయువుతో దహించి, ఆ శక్తిని ఎ.టి.పి. యను రొక్కముగా మార్చుకొనును. గుండె కొట్టుకొనుటకును కాలేయము పనిచేయుటకును ఖర్చగునది ఆ రొక్కమే. అంతకుముందు కండలు కదలుటకు లాక్టిక్ ఆమ్లము మూలమని పండితులు నమ్మియుండిరి. ఫాస్ఫోక్రియేటిన్, ఎ.టి.పి.లు బయటపడిన పిదప ఆ సిద్ధాంతము వీగిపోయెను. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను.

గుండెకొట్టులో సున్నపు ధాతువు

ఆ రొక్కము తయారగు టంకసాల ఎక్కడనున్నదో సుబ్బారావుగారి జీవితకాలమున స్పష్టముగా తెలియలేదు. ఆయన గతించిన 1948వ సంవత్సరముననే అమెరికాలో కెన్నెడీ, లెనింజరు అను పరిశోధకులు ఎలుక కాలేయమునుండి వేరుచేసిన మైటోకాండ్రియాలలో ఈ దహనక్రియ జరుగుచున్నదని చూపనారంభించిరి. మైటోకాండ్రియాలనగా జీవకణములో నుండు సూక్ష్మమైన సంచులు. నిరంతరము శ్రమించు గుండెకణములలో ఇవి కిక్కిరిసియుండును. కాలేయకణములలోను వేలకొలది యుండును.

ఇక కాల్షియమను ధాతువు కలదు. సున్నములో నుండునది, ఎముకలకు గట్టిదనమిచ్చునది అదియే. 1883లో లండను నగరమున సిడ్నీ రింగరు అను వైద్యుడు కప్పగుండెను శరీరమునుండి వేరుచేసి ఉప్పునీటిలో నుంచి పరీక్షించెను. కొళాయినీటితో చేసిన ఉప్పునీటిలో గుండె చక్కగా కొట్టుకొనెను, శుద్ధిచేసిన నీటిలో ఆగిపోయెను. కొళాయినీటిలోని సున్నపు అంశమే ఆ భేదమునకు కారణమని ఆయన తేల్చెను. గుండె కొట్టుకొను ప్రతిమారును కాల్షియము కండతంతువులలోనికి వచ్చును, తంతువు ముడుచుకొనును. ఆ కాల్షియమును మరల తోడివేసిననే తంతువు సడలును. తోడివేయుటకు ఎ.టి.పి. ఖర్చగును. రొక్కము లేనిచో గుండె ముడుచుకొనజాలదు, సడలనుజాలదు.

1961-62 సంవత్సరములలో అమెరికా పరిశోధకులు మరియొక వింత కనుగొనిరి. మూత్రపిండముల మైటోకాండ్రియాలు కాల్షియమును మిక్కుటముగా లోనికి లాగుకొనుచుండెను. పిదప కాలేయమునందును గుండెయందును అట్లే జరుగుచున్నట్లు తెలిసెను. కాల్షియము ఒంటరిగా పోదు, భాస్వరపు లవణము దానివెంట లోనికి నడచును. ఎంత కాల్షియమునకు ఎంత భాస్వరము చేరినదో, ఎంత ఎ.టి.పి. విరిగి భాస్వరము విడుదలయైనదో లెక్కకట్టినగాని ఆ రహస్యము తెలియదు. అట్టి లెక్కలకు పరిశోధనశాలలలో బహుకాలము వాడుకయందున్న కొలత ఫిస్కే-సుబ్బారావుగారల నీలిరంగే. సుబ్బారావుగారు స్వయముగా మైటోకాండ్రియాల కాల్షియమును పరిశోధింపలేదు. కాని ఆ పద్దులో ఖర్చువైపు వ్రాయవలసిన ఎ.టి.పి.యు, దానిని కొలుచు కుంచమును ఆయన పాలుపంచుకొన్న పనినుండి వచ్చినవే.

ఈ రాకపోకల తీరు ఇట్టిది. అన్నదహనము జరుగుచుండగా మైటోకాండ్రియాపు లోపలిపొర హైడ్రోజను అణువుల విద్యుదంశములను బయటికి నెట్టును. అందుచేత లోపలివైపు ఋణవిద్యుత్తు ఏర్పడును. ధనవిద్యుత్తుగల కాల్షియము ఆ ఆకర్షణచేత ఒక ద్వారమునుండి లోనికి ప్రవేశించును. ఆ ద్వారముగా నుండు మాంసకృత్తు 2011లో గుర్తింపబడెను. బయటికి వచ్చు దారి మాత్రము అవయవమునుబట్టి మారును. గుండెలో ముఖ్యముగా సోడియము లోనికి పోవగా కాల్షియము బయటికి వచ్చును. 1974లో కారాఫోలీ మున్నగువారు దీనిని చూపిరి. కాలేయములో సోడియముతో అంత పనిలేదు, హైడ్రోజను మారకముతోడనే అధికభాగము సాగును. క్షణమునకొకమారు కొట్టుకొనవలసిన గుండె అవసరము వేరు, నింపాదిగా పనిచేయు కాలేయపు అవసరము వేరు.

మితముగా లోనికి వచ్చిన కాల్షియము పని పెరిగినదని టంకసాలకు అందిన కబురు వంటిది. అప్పుడు దహనము హెచ్చి, ఎ.టి.పి. ఎక్కువగా తయారగును. అది మితిమీరినచో మైటోకాండ్రియా ఉబ్బి, పొర చిల్లులుపడి, కణమే నశించును. గుండెపోటున రక్తము ఆగి మరల ప్రవహించునప్పుడు కలుగు హానికి ఇదియు ఒక హేతువు. రాబడియైనను హద్దు మీరినచో కొంప కూల్చునను మాట సంసారమునకే కాక శరీరమునకును చెల్లును.

కాలేయమునుండి ఔషధములు

హార్వర్డులో ఇన్ని సాధించియు సుబ్బారావుగారికి అచ్చట స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. వచ్చిన కీర్తిలో అధికభాగము ఇతరుల పేర నిలిచెను. ఆయన తగవులాడలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరు గ్రామమందలి లెడర్లే పరిశోధనాలయమునకు మారి, 1942లో పరిశోధనలకు అధిపతియైరి. పూర్వము అన్నదమ్ములను బలిగొన్న జబ్బును గూర్చిన ప్రశ్న అప్పటికిని ఆయన మనస్సున నిలిచియుండెను.

రక్తక్షీణతకు కాలేయపు సారము మంచి మందని అప్పటికే తెలియును. ఆ సారమున పనిచేయు అసలు పదార్థమేది యను అన్వేషణలో సుబ్బారావుగారును ఆయన సహచరులును ఏండ్లు గడపిరి. ఘోరమైన పాండురోగమును కుదుర్చు బి-12 జీవసత్త్వము ఆయనకు చిక్కలేదు. దానిని 1948లో ఇతరులు వేరుచేసిరి. కాని ఆ వెదకులాటలోనే లెడర్లేవారికి ఫోలిక్ ఆమ్లము లభించెను. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేయు విధానమును ప్రకటించిరి. స్ప్రూ వ్యాధిగ్రస్తులకు దానిని ఇచ్చి చూడగా రక్తము పుంజుకొనెను. ఇద్దరు సోదరులు పోయిన రెండు దశాబ్దముల పిదప ఆ జబ్బునకు మందు దొరకెను. పోయినవారు తిరిగిరారు. అయినను అటుపిమ్మట అట్టి దుఃఖము ఎన్నియో ఇండ్లకు తప్పెను.

ఫోలిక్ ఆమ్లమువంటి రూపముతో దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ వారు తయారుచేసిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, కొందఱిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుట 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ జబ్బునకు ఏ మందును పనిచేసియుండలేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేటు. బోదకాలు పురుగులపై పనిచేయు డైఇథైల్ కార్బమజీన్ 1947లో అదే పరిశోధనాలయమునుండి వెలువడెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు పెద్దబిడ్డయైన ఆరియోమైసిన్‌ను అచ్చటనే డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు కనుగొని 1948లో లోకమునకు తెలిపెను. పనిచేసిన ప్రతివాని పేరును ముందుకు త్రోసి, తాను వెనుక నిలుచుట సుబ్బారావుగారి స్వభావము.

నాంపల్లి, ఆబిడ్సులలో ఆయన జాడ

సుబ్బారావుగారు హైదరాబాదున కాపురముండలేదు. అయినను ఆయన పని అచ్చటికి చేరినది. గ్రామములనుండి రైలులో నాంపల్లి స్టేషనున దిగి, బిడ్డను భుజముమీద వేసికొని రెడ్‌హిల్సు వైపు నడచు తల్లిదండ్రులు అనేకులు. ఆ ప్రాంతముననే 1953లో ఏర్పడిన నీలోఫరు పిల్లల ఆసుపత్రియు, 1955నాటి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు ఉన్నవి. పిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేటు నేటికిని ప్రధానమైన మందులలో ఒకటి. ఆనాడు అసాధ్యమైన ఈ జబ్బు, తగిన చికిత్స సకాలమున అందినచో, నేడు పెక్కుమంది పిల్లలలో నయమగుచున్నది. ఆ మందు వెనుక తమ భాషవాడొకడు కలడని ఎఱిగినచో ఆ తల్లిదండ్రులకు కొంత ధైర్యము కలుగును.

ఆబిడ్సు వీధులలో ఆదివారమునాడు పాతపుస్తకములు కాలిబాటలపై పరచి అమ్ముదురు. వైద్యవిద్యార్థులు చదివి విడిచిన జీవరసాయన గ్రంథమేదైన అచ్చట దొరకినచో, భాస్వరము కొలుచు ప్రకరణము తెరచి చూడవలెను. ఫిస్కే ప్రక్కన సుబ్బారావను తెలుగుపేరు కనబడుటకు అవకాశము మెండు. రాతివిగ్రహముకంటె అట్టి స్మారకము ఆయనకు తగినది.

తుదిదినములు

సుబ్బారావుగారు స్వదేశమునకు తిరిగిరాలేదు. ఒక పరిశోధన ముగియకముందే మరియొకటి ఎదురయ్యెను. నడుమ మహాయుద్ధము వచ్చెను. శేషగిరిగారు ఇచ్చట ఎదురుచూచుచునే యుండిరి. లోకమునకు ఆయన చేసిన ఉపకారమును లెక్కించునప్పుడు, ఆమె పడిన వేదనను ఆ పద్దునుండి కొట్టివేయరాదు. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు వీలు కలిగినను ఆయన దానిని స్వీకరింపక, భారతీయుడుగనే నిలిచిరి. 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. ఏడాది తిరుగునప్పటికి, 1948 ఆగష్టు మాసమున, ఒకనాటి రాత్రి నిద్రలోనే గుండెపోటు వచ్చి ఆయన తనువు చాలించిరి. వయస్సు 53 సంవత్సరములు. కండకదలికకు శక్తినిచ్చు పదార్థమును చూపిన మహనీయుని గుండె అకాలమున ఆగిపోయెను.

1953లో ఒక జాతి బూజుకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరుపెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్ల విడుదలచేసెను. నోబెలు బహుమానము వంటి గౌరవములు ఆయనకు రాలేదు.

పరీక్ష రెండుమారులు తప్పిన బాలుడు, పాత్రలు కడిగి కడుపు పోసికొన్న యువకుడు, లోకమునకు ఇన్ని మందుల వెనుక నిలిచిన పండితుడు ఒక్కడే. పరీక్ష తప్పిన పిల్లవానిని ఇంట తిట్టబోవు తల్లిదండ్రులు వెంకమ్మగారిని తలచుకొందురుగాక. ఆమె కుమారుని చేతికి మరల పుస్తకమే ఇచ్చినది. పుస్తకము దొరకని పిల్లలకు పుస్తకము అందించుటకే గ్రామమున గ్రంథాలయము వెలసినది. ఇరువదియైదు సంవత్సరములుగా ఇచ్చటి బల్లలపై కూర్చుండి చదివిన పిల్లలలో ఏ ఒక్కడు సుబ్బారావుగారి ప్రశ్నవంటి ప్రశ్నను పట్టుకొని, దానిని విడువక నడచినను, ఈ రజతోత్సవము సార్థకమగును.